సైకాలజిస్టు సంతకం

ట్రాన్స్‌జెండర్ మనుషుల వైద్యంలో మందు గురించి, ఆపరేషన్ గురించి జరిగిన తగువు కంటే ఒక కాగితం గురించి జరిగిన తగువే ఎక్కువ. ఆ కాగితం మహా అయితే పేజీన్నర ఉంటుంది. పైన లెటర్‌హెడ్, అడుగున సంతకం, సంతకం కింద రిజిస్ట్రేషన్ నంబరు. మధ్యలో వివరాలు: వయసెంత, ఎన్నాళ్లుగా తనను తాను స్త్రీగానో పురుషుడిగానో ఎరుగుదురు, వేరే మానసిక జబ్బేమైనా ఉందా, ఉంటే అదుపులో ఉందా, హార్మోన్లు వాడితే వచ్చే మార్పుల్లో ఏవి మళ్లీ వెనక్కి పోవో తెలుసా, పిల్లల్ని కనే అవకాశం పోవచ్చన్న సంగతి అర్థమైందా. ఆఖరున ఒక వాక్యం: చికిత్సకు అభ్యంతరం లేదు. ఆ వాక్యం కోసం ఏళ్ల తరబడి తిరిగినవాళ్లు, అది దొరక్క నాటు ఆపరేషన్లకు వెళ్లినవాళ్లు, బతుకు మీద ఆశ వదులుకున్నవాళ్లు చాలా దేశాల్లో ఉన్నారు. మన దగ్గరా ఉన్నారు.

సంతకం పెట్టేది సాధారణంగా సైకియాట్రిస్టు లేదా క్లినికల్ సైకాలజిస్టు. వీళ్లిద్దరినీ మనం ఒకే గాటన కట్టేస్తుంటాం. సైకియాట్రిస్టు ఎం.బి.బి.ఎస్. చదివిన డాక్టరు, మందు రాస్తారు. క్లినికల్ సైకాలజిస్టు మందు రాయరు. మాట్లాడటం, పరీక్షలు పెట్టి అంచనా వేయడం, పరిశోధన చేయడం వారి పని. మన దేశంలో ఆ పేరు పెట్టుకోవాలంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ గుర్తించిన శిక్షణ పూర్తిచేసి, దాని రిజిస్టరులో ఎక్కాలి. గత అరవై ఏళ్లలో ట్రాన్స్ మనుషులకు ఈ వృత్తి చేసిన మేలూ పెద్దదే, కీడూ పెద్దదే. ఈ మనిషి నిజంగా ట్రాన్సేనా అని ఆరా తీయడంలో మునిగినంత కాలం కీడు జరిగింది. ఈ మనిషిని కుంగదీస్తున్నది ఏమిటి అని అడగడం మొదలుపెట్టాక మేలు మొదలైంది. నాకు కనిపించినంతలో ఈ రంగం చరిత్రలో అసలు మలుపు అదే. మన ఊళ్లలో అది ఇంకా సగంలోనే ఆగి ఉంది.

1966లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో ఇలాంటి చికిత్సకు క్లినిక్ తెరిచారు. అదే ఏడాది హ్యారీ బెంజమిన్ అనే వైద్యుడు రాసిన ‘ది ట్రాన్స్‌సెక్సువల్ ఫినామినన్’ పుస్తకం వచ్చింది. హాప్కిన్స్ క్లినిక్ వెనక ఉన్న ముఖ్యుల్లో జాన్ మనీ ఒకరు. ఆయన వైద్యుడు కారు, సైకాలజిస్టు. జెండర్ అనేది పెంపకంతో పసితనంలోనే కుదురుకుంటుందని ఆయన గట్టిగా నమ్మారు. సున్తీలో జరిగిన ప్రమాదంలో అంగం కోల్పోయిన కెనడా పసివాడు డేవిడ్ రైమర్‌ను ఆడపిల్లగా పెంచమని తల్లిదండ్రులకు సలహా ఇచ్చి, ఆ ప్రయోగం ఫలించిందని ఏళ్ల తరబడి రాశారు. అది ఫలించలేదు. నిజం తెలిసిన పద్నాలుగేళ్ల వయసులో ఆ పిల్లవాడు మగవాడిగా బతకడం మొదలుపెట్టాడు. 1997లో మిల్టన్ డైమండ్, కీత్ సిగ్మండ్‌సన్ అసలు సంగతి ప్రచురించారు. 2004లో రైమర్ ఆత్మహత్య చేసుకున్నారు. ట్రాన్స్ మనుషులకు దారి తెరిచిన చేతులే ఇంకొక బిడ్డ విషయంలో ఆ బిడ్డ మాట వినలేదు. మనిషి జెండర్‌ను పక్కనున్నవాళ్లు నిర్ణయించలేరన్న పాఠం ఈ రెండు కథల్లోనూ ఉంది.

ఆ రోజుల్లో క్లినిక్‌లు ఎవరిని ఒప్పుకునేవి? పసితనం నుంచీ ఇదే అనుకుంటున్నానని చెప్పాలి, సొంత శరీరమంటే అసహ్యమనాలి. ట్రాన్స్ మహిళ అయితే మగవాళ్ల మీదే ఇష్టముండాలి, చూడగానే ఆడమనిషిలా కనిపించాలి. ఆపరేషన్‌కు ముందు ఏడాదో రెండేళ్లో ఆ జెండర్‌లో బతికి చూపించాలి. దాన్ని నిజ జీవిత పరీక్ష అనేవారు. ఆ కాలంలో హార్మోన్ ఇవ్వకుండానే ఆడబట్టలతో ఉద్యోగానికి వెళ్లమని చెప్పిన క్లినిక్‌లు కూడా ఉన్నాయి. వెళ్లినవాళ్లు వీధిలో ఎన్ని మాటలు పడ్డారో, ఎన్ని ఉద్యోగాలు పోగొట్టుకున్నారో ఆ క్లినిక్‌ల లెక్కల్లోకి ఎక్కలేదు.

పరీక్ష ఉన్నచోట గైడు పుట్టుకొస్తుంది. బెంజమిన్ పుస్తకమే ఆ గైడు అయింది. శాండీ స్టోన్ అనే ట్రాన్స్ మహిళ 1987లో రాసిన వ్యాసంలో దీన్ని నిర్మొహమాటంగా బయటపెట్టారు. చికిత్సకు వచ్చినవాళ్లు ఆ పుస్తకాన్ని ఒకరి నుంచి ఒకరు తీసుకుని చదివి, అందులో ఉన్నట్టే తమ కథ చెప్పేవారు. అందరి కథలూ ఒకేలా ఉండటం చూసి పరిశోధకులు సంతోషించారు, తమ సిద్ధాంతం రుజువైందని రాసుకున్నారు. కథ తమ పుస్తకంలోంచే తమ దగ్గరికి తిరిగొస్తోందని తెలుసుకోవడానికి వాళ్లకు చాలా కాలం పట్టింది.

అంతకు ముందే దీనికి మచ్చుతునక లాంటి ఉదంతం ఒకటి ఉంది. 1958లో లాస్ ఏంజెలెస్‌లో ఆగ్నెస్ అనే మారుపేరుతో వైద్య సాహిత్యంలోకెక్కిన పందొమ్మిదేళ్ల యువతి డాక్టర్ల దగ్గరికి వచ్చింది. మగపిల్లవాడిగా పెరిగాననీ, యవ్వనంలో తన శరీరం దానంతటదే ఆడరూపం తీసుకుందనీ చెప్పింది. సైకియాట్రిస్టు రాబర్ట్ స్టోలర్, సామాజిక శాస్త్రజ్ఞుడు హెరాల్డ్ గార్ఫింకెల్ గంటల తరబడి ఆమెతో మాట్లాడారు. ఇది పుట్టుకతో వచ్చిన అరుదైన శరీర లక్షణమని తేల్చి, శస్త్రచికిత్సకు సరేనన్నారు. కొన్నేళ్ల తర్వాత ఆమె అసలు మాట చెప్పింది. పన్నెండేళ్ల వయసు నుంచి వాళ్లమ్మ మందుబిళ్లలు, ఈస్ట్రోజన్, దొంగతనంగా మింగిందట. దీన్ని మోసం అనడానికి నాకు మనసొప్పదు. నిజం చెబితే తలుపు మూసుకుంటుందని తెలిసిన పిల్ల, తలుపు తెరుచుకునే మాట చెప్పింది. నష్టం శాస్త్రానికి కూడా జరిగింది. వైద్యానికి కావలసింది రోగి నిజం చెప్పగలగడం. ఆ గదిలో దానికే చోటు లేకపోయింది.

లూ సల్లివాన్ మాత్రం కథ మార్చి చెప్పడానికి ఇష్టపడలేదు. ఆయన ట్రాన్స్ పురుషుడు. మగవాళ్లంటేనే ఇష్టమని దాచకుండా చెప్పారు. మగవాళ్లే కావాలనుకుంటే ఆడమనిషిగా ఉండిపోవచ్చు కదా అన్న తర్కంతో ఆయనకు చికిత్స నిరాకరించారు. జెండర్ వేరు, లైంగిక ఆకర్షణ వేరు అని నిపుణులకు ఆయనే ఉత్తరాల మీద ఉత్తరాలు రాసి నేర్పించారు. 1991లో ఎయిడ్స్‌తో చనిపోయే నాటికి ఆ మాటకు గుర్తింపు రావడం మొదలైంది. ఈ రంగంలో నిపుణులు తెలుసుకున్న చాలా సంగతులు ఇలా రోగులే పట్టుబట్టి చెప్పినవి.

1979లో హ్యారీ బెంజమిన్ పేరుతో ఏర్పడిన నిపుణుల సంఘం తొలి చికిత్సా ప్రమాణాలను ప్రచురించింది. ఆ సంఘమే ఇప్పుడు డబ్ల్యూపాత్ అనే పేరుతో ఉంది. ఆ ప్రమాణాల రాతలో సైకాలజిస్టుల పాత్ర మొదటి నుంచీ ఉంది. 2011లో వచ్చిన ఏడో కూర్పుకూ, 2022 సెప్టెంబరులో వచ్చిన ఎనిమిదో కూర్పుకూ అధ్యక్షత వహించిన ఎలి కోల్‌మన్ సైకాలజిస్టే. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆయనతో కలిసి పనిచేసిన వాల్టర్ బాక్టింగ్ నెదర్లాండ్స్ నుంచి వచ్చిన సైకాలజిస్టు. ఒక క్లినికల్ సైకాలజిస్టు వృత్తి జీవితం ఈ వైద్యాన్ని ఎలా మార్చగలదో చూడాలనుకునేవారికి నేను చూపించేది బాక్టింగ్‌నే.

ఆయన చేసిన పని ఇది. క్లినిక్‌కు వచ్చే కొద్దిమందిని చూసి అందరి గురించీ తీర్మానించకుండా, ఇంటర్నెట్ ద్వారా అమెరికా అంతటి నుంచీ 1,093 మంది ట్రాన్స్ మనుషులను అడిగి తెలుసుకున్నారు. ఆ ఫలితాలు 2013లో అక్కడి ప్రజారోగ్య పత్రికలో వచ్చాయి. దాదాపు 44 శాతం మందిలో డిప్రెషన్ లక్షణాలు, 33 శాతం మందిలో ఆందోళన లక్షణాలు కనిపించాయి. ఇంతవరకే అయితే పాత వాదానికే బలం చేకూరేది. చూశారా, వీళ్లు మానసిక రోగులే అనేవారు. బాక్టింగ్ బృందం ఇంకో అడుగు వేసింది. సమాజం నుంచి చీదరింపు ఎంత ఎక్కువ ఎదురైతే బాధ అంత ఎక్కువగా ఉంది. తమలాంటివారి తోడు ఉన్నచోట ఆ చీదరింపు దెబ్బ తగ్గింది. అంతకు ముందే, ఆయన అధ్యక్షుడిగా ఉన్న కాలంలోనే, 2010 మే నెలలో డబ్ల్యూపాత్ ఒక ప్రకటన చేసింది: జెండర్ భిన్నత్వం రోగం కాదు, దాన్ని రోగంగా చూడటం మానండి.

దీనికి సిద్ధాంతపు పునాది కూడా సైకాలజీ నుంచే వచ్చింది. అల్పసంఖ్యాకులుగా ఉండటం వల్లనే మనిషి మీద అదనపు ఒత్తిడి పడుతుందని ఇలాన్ మేయర్ 2003లో స్వలింగ ఆకర్షణ ఉన్నవారిని దృష్టిలో పెట్టుకుని వివరించారు. మైకేల్ హెండ్రిక్స్, రైలన్ టెస్టా అనే ఇద్దరు సైకాలజిస్టులు 2012లో దాన్ని ట్రాన్స్ మనుషులకు అన్వయించారు. బయటి నుంచి వచ్చే దెబ్బలు కొన్ని: తిట్టు, తన్ను, ఇల్లు అద్దెకివ్వకపోవడం. లోపల పేరుకునేవి కొన్ని: రేపు ఎవరేమంటారోనన్న భయం, దాచుకోవడం, చివరికి తనమీద తనకే అసహ్యం. ఈ రెండింటి మధ్య దారి ఎలా సాగుతుందో వాళ్లు గీసి చూపించారు. రోగి లోపలే కారణం వెతికే డాక్టరుకు ఈ పటం చేతికిస్తే అడగాల్సిన ప్రశ్నలే మారిపోతాయి.

ఆ పటాన్ని మన పెద్దాసుపత్రి ఓపీ కౌంటరు దగ్గర పెట్టి చూడండి. ఉదయం ఎనిమిదిన్నరకు క్యూ మొదలవుతుంది, ఆడవాళ్లకు ఒకటి, మగవాళ్లకు ఒకటి. ఏ క్యూలో నిలబడినా ఎవరో ఒకరు తేరిపార చూస్తారు. కిటికీలోంచి ఆధార్ అడుగుతారు. కార్డులో పాత పేరు, పాత ఫొటో. చీటీ మీద అదే పేరు ఎక్కుతుంది. డాక్టరు గది బయట నర్సు ఆ పేరును నలభై మందికి వినపడేలా పిలుస్తుంది. చీర కట్టుకున్న మనిషి ఆ మగ పేరుకు లేచి నిలబడాలి. లేస్తే నవ్వులు, లేవకపోతే వంతు పోతుంది. లోపలికెళ్లాక జ్వరం అని చెప్పినా ముందు అడిగేది ఆపరేషన్ అయిందా అనే. చేర్చుకోవాల్సి వస్తే ఆడవాళ్ల వార్డా, మగవాళ్ల వార్డా అన్న మీమాంస. ఈ మనిషి రెండోసారి జ్వరం వస్తే ఆసుపత్రికి రాదు, మెడికల్ షాపులో మాత్ర కొనుక్కుంటుంది. 2015లో అమెరికాలో 27,715 మందితో జరిగిన ట్రాన్స్‌జెండర్ సర్వేలో 23 శాతం మంది, అవమానిస్తారన్న భయంతో ఆ ఏడాది అవసరమున్నా డాక్టరు దగ్గరికి పోలేదని చెప్పారు. జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఆత్మహత్యకు ప్రయత్నించామన్నవారు 40 శాతం.

పేరు పిలవడం చిన్న విషయమని ఎవరికైనా అనిపిస్తే, 2018లో స్టీఫెన్ రస్సెల్ బృందం 129 మంది యువతీయువకులతో చేసిన అధ్యయనం చూడాలి. ఇల్లు, బడి, పనిచేసే చోటు, స్నేహితులు అనే నాలుగు చోట్లలో అదనంగా ఒక్క చోట వాళ్లు ఎంచుకున్న పేరుతో పిలిచినా ఆత్మహత్య ఆలోచనలు 29 శాతం తక్కువగా కనిపించాయి. చిన్న నమూనా, కాబట్టి అంకెను పట్టుకుని వేలాడనక్కర్లేదు. కానీ పేరుకు పైసా ఖర్చు లేదు.

రోగ నామాల పట్టికలోనూ ఈ మలుపు కనిపిస్తుంది. అమెరికా సైకియాట్రీ సంఘం మాన్యువల్‌లో 1980లో ట్రాన్స్‌సెక్సువలిజం చేరింది, 1994 నాటికి జెండర్ ఐడెంటిటీ డిజార్డర్ వచ్చింది, 2013లో జెండర్ డిస్ఫోరియా అయింది. చివరి మార్పుతో జబ్బుగా లెక్కించేది గుర్తింపును కాదు, దాని చుట్టూ కలిగే వేదనను. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇంకా ముందుకెళ్లింది. 2019లో ఆమోదించి 2022 జనవరి 1 నుంచి అమల్లోకి తెచ్చిన ఐసీడీ-11లో దీన్ని మానసిక రుగ్మతల అధ్యాయం నుంచే తీసేసి, లైంగిక ఆరోగ్యానికి సంబంధించిన అధ్యాయంలో పెట్టింది. ఆ నిర్ణయానికి ఊతమిచ్చిన అధ్యయనాల్లో ముఖ్యమైనది మెక్సికో నగరంలో రెబెకా రోబ్లెస్ బృందం 250 మంది ట్రాన్స్ మనుషులతో చేసి 2016లో ప్రచురించినది. వాళ్ల వేదనకూ, పనులు చేసుకోలేకపోవడానికీ కారణం వెలివేత, హింస అని ఎక్కువగా తేలింది. జెండర్ భిన్నత్వం దానంతటది కాదు. పూర్తిగా పట్టిక నుంచి తొలగించకపోవడానికీ ఆచరణలో కారణముంది: కోడ్ లేకపోతే బీమా రాదు, ప్రభుత్వ ఆసుపత్రిలో చికిత్స రాదు.

నాన్‌బైనరీ మనుషుల సంగతి ఇంకా ఆలస్యంగా వెలుగులోకి వచ్చింది. స్త్రీ, పురుషుడు అన్న రెండు గడుల్లో ఏ ఒక్కదానిలోనూ పూర్తిగా ఇమడమని చెప్పేవారు వీరు. పాత క్లినిక్‌లో వీళ్లకు దారే లేదు. కొద్దిగా హార్మోన్ చాలు, ఆపరేషన్ వద్దు అన్న మనిషి నిజమైన ట్రాన్స్ కాదని రాసేవారు. దాంతో అవసరం లేని చికిత్సకు కూడా అవసరమని చెప్పాల్సి వచ్చేది. ఇంతకన్నా చెడ్డ వైద్యం ఉంటుందా? 2015 నాటి అమెరికా సర్వేలో 35 శాతం మంది తాము నాన్‌బైనరీ అన్నారు. డబ్ల్యూపాత్ ఎనిమిదో కూర్పు తొలిసారిగా వీరికి విడిగా ఒక అధ్యాయం కేటాయించింది. జననాంగ శస్త్రచికిత్సకు వెనక నిపుణుల లేఖలు రెండు కావలసిన చోట ఒకటి చాలన్నదీ ఈ కూర్పే.

ఇక పిల్లల విషయం. ఇక్కడ నేను తొందరపడి ఏ పక్షమూ చేరను. నెదర్లాండ్స్‌లో పెగ్గీ కోహెన్-కెటెనిస్ అనే సైకాలజిస్టు 1987లో ఉట్రెక్ట్‌లో పిల్లల కోసం క్లినిక్ ప్రారంభించారు. యవ్వన మార్పులను మందుతో కొంతకాలం ఆపి, పిల్లలకు ఆలోచించుకునే వ్యవధి ఇచ్చే పద్ధతి ఆమె బృందం నుంచి వచ్చింది. 2014లో 55 మంది యువతీయువకుల మీద వాళ్లు ప్రచురించిన ఫలితాలు బాగున్నాయి. అయితే వాళ్లు జాగ్రత్తగా ఎంచినవాళ్లు, ఇంట్లో అండ ఉన్నవాళ్లు, ఏళ్ల తరబడి సైకాలజిస్టుల దగ్గర కూర్చున్నవాళ్లు. అదే పద్ధతి వేరే దేశాలకు వెళ్లేసరికి మందు వెళ్లింది, ఆ కూర్చోవడం అదే మోతాదులో వెళ్లలేదు. ఇంగ్లండ్‌లో పిల్లల జెండర్ సేవకు 2011-12లో సుమారు 250 మంది వస్తే, పదేళ్లకు ఐదు వేలు దాటారు. రెండేళ్లకు పైగా నిరీక్షణ. 2024 మార్చిలో ఆ సేవను మూసేశారు, ఏప్రిల్‌లో పిల్లల వైద్యురాలు హిలరీ క్యాస్ నివేదిక వచ్చింది. ఆధారాలు బలహీనంగా ఉన్నాయనీ, ప్రతి బిడ్డనూ సమగ్రంగా అంచనా వేయాలనీ అది చెప్పింది. ఆ నివేదిక పద్ధతిని ప్రశ్నించిన నిపుణులూ ఉన్నారు. డబ్ల్యూపాత్ తన ఎనిమిదో కూర్పులో కౌమారుల చికిత్సకు రాసిన కనీస వయసులను విడుదలైన కొద్ది రోజులకే తీసేసిన తీరు కూడా విమర్శకు గురైంది.

టొరంటోలో కెనెత్ జకర్ అనే సైకాలజిస్టు నడిపిన పిల్లల క్లినిక్‌ను, పిల్లల్ని పుట్టిన జెండర్‌కే మళ్లించే ప్రయత్నం చేస్తున్నారన్న ఆరోపణల నడుమ 2015లో మూసేశారు. 2018లో ఆ ఆసుపత్రే ఆయనకు క్షమాపణ చెప్పి పరిహారం చెల్లించింది. ఈ తగువులో ఎవరికీ తేలికైన గెలుపు లేదు. సైకాలజిస్టు క్రిస్టినా ఓల్సన్ 2016లో ఒక ఫలితం ప్రచురించారు. కుటుంబం ఒప్పుకుని, పేరూ బట్టలూ మార్చుకుని పెరుగుతున్న 73 మంది చిన్నపిల్లల్లో డిప్రెషన్ తక్కిన పిల్లల్లాగే ఉంది, ఆందోళన కాస్త మాత్రమే ఎక్కువ. అక్కడ మందు ప్రసక్తే లేదు. పిల్లల మందుల మీద జరుగుతున్న వాదాన్ని చూపించి పెద్దవాళ్ల చికిత్సను ఆపడం మాత్రం తప్పు. ముప్పై ఏళ్ల మనిషి తన శరీరం గురించి తీసుకునే నిర్ణయం వేరే సంగతి.

మన దగ్గరికి వద్దాం. ఇక్కడ క్లినిక్ పుట్టకముందే హిజ్రాల జమాత్ ఉంది, గురువు ఉన్నారు, చేలాలనే శిష్యులు ఉన్నారు. ఆపరేషన్‌కు నిర్వాణం అని పేరుంది. మత్తుమందు లేకుండా తాయమ్మ అని పిలిచే హిజ్రా చేతిలో జరిగే ఆ కోతలో ఎంతమంది ప్రాణాలు పోయాయో రాసిపెట్టినవారు లేరు. ఎ. రేవతి ఆత్మకథను పి. సత్యవతి ‘ఒక హిజ్రా ఆత్మకథ’గా తెలుగు చేశారు. 2019కి సాహిత్య అకాడమీ అనువాద పురస్కారం దానికే వచ్చింది. మన పాఠకుల్లో చాలామందికి ఆ లోకం లోపలి నుంచి తెలిసింది ఆ పుస్తకంతోనే. బాక్టింగ్ లెక్కల్లో తేలిన తోటివారి తోడు మన జమాత్‌లలో తరాలుగా ఉంది. అయితే ఆ తోడుకూ ఖరీదుంది. కట్టుబాట్లు, బాకీలు, బజారు వసూళ్లు. ట్రాన్స్ పురుషులకైతే ఆ నీడ కూడా లేదు. ఇంట్లోనే బంధించి పెళ్లి చేసేస్తారు.

బయటి నుంచి పడే ఒత్తిడి మన దగ్గర ఒకప్పుడు చట్టంగానే ఉండేది. నిజాం కాలంలో 1919లో, ఫసలీ 1329లో వచ్చిన చట్టం ‘నపుంసకుల’ రిజిస్టరు పెట్టమంది. ఆడబట్టలు కట్టుకునో నగలు పెట్టుకునో బహిరంగంగా కనిపిస్తే వారెంటు లేకుండా అరెస్టు చేసే అధికారం పోలీసులకిచ్చింది. వైజయంతి వసంత మొగ్లి తదితరులు వేసిన వ్యాజ్యంలో తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసింది 2023 జులైలో. అంటే, ఐసీడీ-11 అమల్లోకి వచ్చిన ఏడాదిన్నర తర్వాత. 2011 జనాభా లెక్కల్లో ‘ఇతరులు’ గడిలో దేశమంతటా 4,87,803 మంది, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 43,769 మంది నమోదయ్యారు. అలాంటి చట్టం ఉన్నచోట అసలు తమ సంగతి చెప్పుకునేవారు ఎంతమంది ఉంటారు?

2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు నాల్సా తీర్పు జెండర్‌ను మనిషి స్వయంగా చెప్పుకోవచ్చంది. శరీర పరీక్షకన్నా మనసే ప్రమాణమంది. ఆపరేషన్ చేయించుకుని రమ్మనడం చట్టవిరుద్ధమంది. ఆ తర్వాత 2016 బిల్లులో జిల్లా స్క్రీనింగ్ కమిటీ అన్నారు. అందులో జిల్లా వైద్యాధికారి పక్కన సైకాలజిస్టు లేదా సైకియాట్రిస్టుకూ కుర్చీ వేశారు. అమెరికా వదిలించుకోవడానికి యాభై ఏళ్లు పట్టిన తలుపు కాపలాను మనం చట్టంలో రాసుకోబోయాం. ట్రాన్స్ సమూహాలు వీధుల్లోకి వచ్చి వ్యతిరేకించాయి. 2019 చట్టంలో ఆ కమిటీ లేదు. ఆ చట్టం 15వ సెక్షన్ ఆరోగ్యం గురించి రాసింది. హార్మోన్ చికిత్స, శస్త్రచికిత్స, వాటికి ముందూ వెనకా కౌన్సెలింగ్, బీమా, వైద్య పాఠ్యప్రణాళిక సమీక్ష. డబ్ల్యూపాత్ ప్రమాణాల ప్రకారం మాన్యువల్ తేవాలని ఆ సంస్థ పేరు పెట్టి మరీ రాసింది. 2022 ఆగస్టులో ఆయుష్మాన్ భారత్ టీజీ ప్లస్ కింద ఏడాదికి ఐదు లక్షల రూపాయల వరకు వైద్యం అన్నారు. కాగితం మీద అప్పటికి మనం చాలా దేశాల కంటే ముందున్నాం.

ఆచరణలో మాత్రం, మనసు డాక్టరు దగ్గరికి వెళ్లడమంటే మన ఊళ్లలో ఇప్పటికీ ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి గుర్తొస్తుంది, విశాఖ వాళ్లకు చినవాల్తేరు గుర్తొస్తుంది. బిడ్డను మార్చి పంపండి అని తల్లిదండ్రులే తీసుకొస్తారు. మార్చుతామని ఒప్పుకునే కౌన్సెలర్లు బోర్డులు పెట్టుకుని ఉన్నారు. మద్రాస్ హైకోర్టు న్యాయమూర్తి ఎన్. ఆనంద్ వెంకటేశ్ 2021లో తన ముందున్న స్వలింగ జంట కేసులో తీర్పు రాసేముందు, ఈ విషయం తనకు సరిగా తెలియదని చెప్పి, తానే ఒక సైకాలజిస్టు దగ్గర కూర్చుని తెలుసుకున్నారు. జూన్ 7న ఇచ్చిన ఉత్తర్వులో ఇలా మనుషుల్ని మార్చజూసే చికిత్సలను నిషేధించారు. 2022లో జాతీయ వైద్య కమిషన్ దాన్ని వృత్తి దుష్ప్రవర్తన అంది. కానీ ఆ మాట వర్తించేది డాక్టర్లకు. ఆ కమిషన్ పరిధిలో లేని కౌన్సెలర్ గది లోపల ఏం జరుగుతోందో చూసేవారు లేరు. అదే కమిషన్ 2024 ఆగస్టు చివర్లో ఫోరెన్సిక్ పాఠ్యాంశాల్లో స్వలింగ సంబంధాలను అసహజ నేరాల కింద మళ్లీ చేర్చి, గొడవ కాగానే కొద్ది రోజుల్లో వెనక్కి తీసుకుంది. పాఠ్యపుస్తకంలో మాట అంత సులువుగా తిరిగి వచ్చేస్తుంటే కొత్త డాక్టర్ల తలలోంచి ఎప్పుడు పోతుంది?

హైదరాబాద్ నారాయణగూడలో 2021 జనవరిలో మిత్ర్ క్లినిక్ తెరుచుకున్నప్పుడు చాలా ఆశ కలిగింది. ట్రాన్స్ మనుషులే పనిచేసే చోటు. హార్మోన్ సలహా, హెచ్.ఐ.వి. పరీక్ష, మానసిక కౌన్సెలింగ్, చట్టపరమైన సాయం ఒకే కప్పు కింద. పేరు ఏం పిలవాలని అడిగి పిలిచేవారు. అక్కడ పనిచేసిన డాక్టర్ ప్రాచీ రాథోడ్, డాక్టర్ రూత్ జాన్‌పాల్ కొయ్యాల 2022 నవంబరులో ఉస్మానియా ఆసుపత్రిలో చేరి, తెలంగాణలో ప్రభుత్వ కొలువు పొందిన తొలి ట్రాన్స్ డాక్టర్లయ్యారు. క్లినిక్ ఖర్చు మాత్రం అమెరికా ప్రభుత్వ సాయం మీద నడిచింది. 2025 జనవరిలో అక్కడ నిధులు ఆగగానే ఇక్కడ తలుపు మూతపడింది. తర్వాత టాటా ట్రస్టుల చేయూతతో సబ్‌రంగ్ పేరుతో మళ్లీ తెరిచారు. వాషింగ్టన్‌లో ఒక సంతకానికి నారాయణగూడలో కౌన్సెలింగ్ ఆగిపోవడం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. దాతల దయ మీద నడిచే వైద్యానికి ఇది తప్పదు.

అందుకే ఈ సేవ ప్రభుత్వ ఆసుపత్రిలో, జీతం మీద ఉన్న మనిషి చేతిలో ఉండాలి. దానికి కొత్త భవనం అక్కర్లేదు. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం నిబంధనల్లో ప్రతి జిల్లా బృందంలోనూ క్లినికల్ సైకాలజిస్టు పోస్టు ఉంది. ఆ పోస్టు నింపి, ఆ మనిషికి ఈ విషయంలో శిక్షణ ఇచ్చి, వారంలో ఒక పూట కేటాయించాలి. లేఖ రాయడం ఆ పనిలో చిన్న భాగమే. పెద్ద భాగం తల్లిదండ్రులను కూర్చోబెట్టి మాట్లాడటం, హార్మోన్లు మొదలెట్టిన మొదటి ఏడాది నెలనెలా కనుక్కోవడం, ఆపరేషన్ తర్వాత ఒంటరిగా పడున్నవారి మంచం దగ్గరికి వెళ్లడం. ఓపీ కౌంటరు గుమాస్తాకు, వార్డు నర్సుకు, సెక్యూరిటీ గార్డుకు రెండు గంటల తరగతి పెట్టడం కూడా ఆ సైకాలజిస్టు పనే. చీటీ మీద ‘పిలవాల్సిన పేరు’ అని ఒక గడి చేర్పించడం జిల్లా ఆసుపత్రి సూపరింటెండెంటు ఈ వారంలో చేయగల పని.